ఎత్తు తగ్గించిన ఇంటర్‌సెప్టర్ 650ని తిరిగి కంపెనీ ఎత్తుకు తేవాలంటే వెనుక షాకులు మారిస్తే సరిపోతుందా?

మీరు రాసిన వివరాల్లో నాకు అర్థమైనది ఇది. 2021 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత యజమాని దాన్ని బాబర్ తరహాలో, అంటే నేలకు దగ్గరగా పొట్టిగా కనిపించేలా, కిందికి దింపించాడు. వెనుక పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయించాడు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలను, వాటిని బిగించే క్లాంపుల్లోంచి పైకి జరిపించాడు, సైడ్ స్టాండు కోయించాడు, సెంటర్ స్టాండు తీసేశాడు. ఇప్పుడు మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్ల మీద బండి అడుగుభాగం రాసుకుంటోంది. మెకానిక్కును అడిగితే, కంపెనీ షాకులు ఒక జత తెచ్చి వెనుక వేస్తే చాలు, ముందు భాగం ముట్టుకోవలసిన పని లేదు అన్నాడు. అది సరైన సలహాయేనా అన్నది మీ ప్రశ్న.

కాదు. దయచేసి అలా చేయించవద్దు. ఇప్పుడున్న స్థితిలో మీ బండి అసౌకర్యంగా ఉంది, అంతే. వెనుక మాత్రమే లేపితే అది అస్థిరంగా మారుతుంది. రోడ్డు మీద ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఈ సమాధానం పొడవుగా ఉండటానికి కారణం కూడా అదే.

ముందు లెక్క చూద్దాం. ఇంటర్‌సెప్టర్ రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు. ఒక చివర ఎత్తు సుమారు 24 మిల్లీమీటర్లు మారితే బండి మొత్తం ఒక డిగ్రీ వాలుతుంది. మీ బండికి వెనుక 50, ముందు 25 తగ్గించారని అనుకుందాం. వెనుక భాగం ముందుకన్నా 25 మిల్లీమీటర్లు ఎక్కువ దిగింది కాబట్టి ఫోర్కు వాలు కంపెనీ ఇచ్చిన దానికన్నా ఒక డిగ్రీ పెరిగింది. హ్యాండిల్ బరువుగా, బద్ధకంగా తిరుగుతోందని మీరు రాసిన దానికి కారణం ఇదే. ఇప్పుడు వెనుక మాత్రమే 50 లేపారనుకోండి. వెనుక సరైన ఎత్తుకు వస్తుంది, ముందు ఇంకా 25 కిందే ఉంటుంది. ఫోర్కు ఈసారి అవతలి వైపు ఒక డిగ్రీ నిలువుగా మారుతుంది. ఒక్క మధ్యాహ్నం పనితో బండి స్వభావం రెండు డిగ్రీలు మారిపోయిందన్న మాట.

ఫోర్కు నిలువైతే ఏమవుతుంది? స్టీరింగ్ తిరిగే అక్షాన్ని ఒక గీతలా నేల వరకు పొడిగిస్తే, అది తాకే చోటుకన్నా కాస్త వెనుక టైరు నేలను తాకుతుంది. ఆ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం తనంతట తాను నిటారుగా నిలవడానికి అదే ఆధారం. ఈ బండికి ఒక డిగ్రీ తేడా వస్తే ట్రెయిల్ దాదాపు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. సంఖ్య చిన్నదే. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో మీకు తెలియకపోవచ్చు. కానీ హైవే మీద 110లో వెళ్తూ, అరిగిన టైరుతో, కాస్త వదులైన కోన్‌సెట్‌తో (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) ముందు బ్రేకు గట్టిగా పట్టారనుకోండి. ముందు భాగం ఇంకా కిందికి కుంగుతుంది, ట్రెయిల్ ఇంకా తగ్గుతుంది, హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గొట్టాలు పైకి జరిపినప్పుడు ముందు చక్రం కింది క్లాంపుకు అంత దగ్గరవుతుంది. పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డు పైకి తగిలే అవకాశం ఉంటుంది. మీ మడ్‌గార్డు పైభాగంలో రంగు గీసుకుపోయిన గుర్తులున్నాయేమో ఇప్పుడే వెళ్లి చూడండి.

ఈ బండి ఛాసిస్ రూపకల్పనలో ఇంగ్లండుకు చెందిన హారిస్ పెర్ఫార్మెన్స్ పాలుపంచుకుంది. రేసు బండ్లకు ఫ్రేములు కట్టిన సంస్థ అది. 2015లో రాయల్ ఎన్‌ఫీల్డ్ దాన్ని కొనుక్కుంది. అలాంటి వాళ్లు కుదిర్చిన కొలతల్లో ముందుభాగానికీ వెనుకభాగానికీ సంబంధం ఉంటుంది. వెనక్కి తెస్తే రెండింటినీ కలిపే తేవాలి.

ఇక పని సంగతి. పానా పట్టుకునే ముందు టేపు పట్టుకోండి. పాత యజమాని నోటిమాటగా చెప్పిన దాన్ని నమ్మవద్దు, ఎంత దింపారో కొలిచి తెలుసుకోండి. కంపెనీ లెక్క ప్రకారం ఈ బండి సీటు ఎత్తు 804, గ్రౌండ్ క్లియరెన్స్ 174, ఫోర్కు కదలిక 110, వెనుక చక్రం కదలిక 88 మిల్లీమీటర్లు. అయితే సీటు ఎత్తుతో పోల్చకండి. బాబర్ చేసేవాళ్లు సీటు ఫోమునూ కోస్తారు కాబట్టి ఆ కొలత తప్పుదారి పట్టిస్తుంది. మార్చని ఇంటర్‌సెప్టర్ ఉన్న స్నేహితుణ్ణి పిలిచి, రెండు బండ్లనూ సమతలంగా ఉన్న నేల మీద నిటారుగా పట్టుకుని, నాలుగు కొలతలు తీసుకోండి. వెనుక ఇరుసు నుంచి షాకు పైబోల్టు వరకు, షాకు రెండు కన్నుల మధ్య, పై క్లాంపు మీద ఫోర్కు గొట్టం ఎంత పొడుచుకు వచ్చిందో, ఇంజిన్ కింది ఫ్రేము గొట్టం నుంచి నేల వరకు. ఈ నాలుగూ ఉంటే ఎక్కడ ఏం చేశారో దాదాపు అంతా తెలిసిపోతుంది. టైరు సైజులు కూడా చదవండి. అసలువి ముందు 100/90-18, వెనుక 130/70-18. చిన్న రిమ్ముతో లావు టైరు వేసి ఉంటే చక్రం చుట్టుకొలత మారి ఎత్తు అక్కడా పోతుంది. దానికి తోడు, బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా ముందు వెనుక చక్రాల వేగాలను పోల్చి చూసే ఏబీఎస్ కూడా తికమక పడుతుంది.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్థంతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. అంత వెడల్పయిన దాని మీద 1400 మిల్లీమీటర్ల బండి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఉంటాయి. ఆ వంపు రెండు చక్రాల మధ్య పైకి వచ్చేది 15 మిల్లీమీటర్ల లోపే. మీ దింపిన బండి కూడా దాన్ని హాయిగా దాటుతుంది. రాసుకునేదల్లా కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన ఇరుకు దిమ్మెల మీద. అవి రెండు చక్రాల మధ్య పూర్తిగా ఇమిడిపోతాయి కాబట్టి వాటి ఎత్తంతా బండి పొట్ట కిందికి వస్తుంది. 174లో బండి నడుమ దగ్గర 37 తగ్గించారు, మీరు ఎక్కగానే ఇంకో 25 కుంగింది, మిగిలింది 110 చిల్లర. 12 సెంటీమీటర్ల దిమ్మె వస్తే తగలక తప్పదు. కంపెనీ ఎత్తులో ఉంటే అదే చోట మీకు 150 దాకా ఉంటుంది. మీ ఇబ్బంది నిజమైనదే, ఎత్తు తిరిగి తెస్తే అది పూర్తిగా తీరుతుంది.

కొలతల తరువాత ఫ్రేము. డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. సీటు తీసి, ఫ్రేము వెనుక చివర ఉండే వంపు గొట్టం (లూపు) నుంచి షాకు పైబోల్టు వరకు టార్చి వేసి అంగుళం అంగుళం చూడండి. సీటు వెనుక లూపు కోసి వేరే వంపు గొట్టం వెల్డింగ్ చేసి ఉంటే అందం చెడినా ప్రాణానికి ముప్పు తక్కువ, మంచి పనివాడు సరిచేయగలడు. షాకు పై బ్రాకెట్టునే కోసి స్థానం మార్చి ఉంటే, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కు అతుకు పడి ఉంటే, స్టీరింగ్ హెడ్ దగ్గర గ్రైండింగ్ గుర్తులుంటే అక్కడితో ఆగండి. అలాంటి ఫ్రేమును ఆటోనగర్‌లో ఎంత నైపుణ్యం ఉన్నవాడు అతికినా నేను నడపమని చెప్పను. ఛాసిస్ నంబరు చెక్కుచెదరకుండా ఉందో లేదో, ఆర్సీలో ఉన్నదానితో సరిపోతుందో లేదో కూడా చూడండి. మీరు రాసిన దాన్నిబట్టి బోల్టులతో చేసిన మార్పులే కనిపిస్తున్నాయి, అది మీ అదృష్టం.

వెనుక భాగంలో ఎత్తు తగ్గించడానికి సాధారణంగా మూడు దారులు వాడతారు. పొట్టి షాకులు వేయడం ఒకటి. అసలు షాకుల కింద ప్లేట్లు బిగించి బోల్టు స్థానాన్ని వెనక్కి జరపడం రెండోది. స్ప్రింగును కోయడం లేదా గ్యాస్ మంటతో కాల్చి కుంగేలా చేయడం మూడోది, అన్నిటికన్నా చెడ్డదీ అదే. ప్లేట్లు ఉంటే తీసి పారేయండి, అవి బిగించిన రంధ్రాలు కోలగా సాగాయేమో చూడండి. స్ప్రింగు కోశారో లేదో తెలుసుకోవడం సులభం. ఫ్యాక్టరీ స్ప్రింగు చివరి చుట్టు చదునుగా అరగదీసి ఉంటుంది, కోసినది మొండిగా, తరచుగా వేడికి నీలం తిరిగి ఉంటుంది. కోస్తే మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. పొట్టిగానూ గట్టిగానూ మారి ప్రతి గుంతనూ నేరుగా మీ వెన్నుకు పంపుతుంది.

కంపెనీ షాకులు దొరకడం ఈ మోడల్‌కు అంత కష్టం కాదు. ఇంటర్‌సెప్టర్ కొన్న చాలామంది వెనుక షాకులు గట్టిగా ఉన్నాయని బయటి కంపెనీవి వేసుకుని, అసలువి ఇంట్లో అట్టపెట్టెలో ఉంచుతారు. పెద్దగా తిరగని జత అలా తక్కువ ధరకే వస్తుంది. కొనేటప్పుడు రాడ్డు మీద నూనె చెమ్మ, గీతలు, వంపు, కన్నుల్లో రబ్బరు బుష్‌ల పగుళ్లు చూడండి. జతగానే కొనండి. ఒకటి ఒక బండిది, ఇంకొకటి మరో బండిది కలపవద్దు. ఇవి లోపల గ్యాస్ ఒత్తిడితో పనిచేసేవి. వాటిని విప్పి మళ్లీ గ్యాస్ నింపుతామనే మాటలు నమ్మవద్దు. వాటి దగ్గర వెల్డింగ్ మంట అసలే పనికిరాదు.

ముందు ఫోర్కు విషయంలో మీ బండికి గొట్టాలు జరపడం ఒక్కటే చేశారో, లోపల కూడా ఏమైనా చేశారో తేల్చుకోవాలి. లోపలి డ్యాంపర్ రాడ్డు దగ్గర అదనపు స్పేసరు (ఎడం ఉంచే గొట్టం ముక్క) వేసి ఫోర్కు పూర్తిగా సాగకుండా ఆపడం, స్ప్రింగు మీది స్పేసరును కోసి పొట్టి చేయడం మామూలుగా చేసే పనులు. ముందు చక్రాన్ని గాలిలో వేలాడదీసి, సాగిన ఫోర్కును స్నేహితుడి బండితో పోల్చండి. ఇరుసు నుంచి కింది క్లాంపు దాకా ఉన్న దూరాల తేడాలోంచి గొట్టాలు జరిపిన మేరకు తీసివేశాక కూడా తేడా మిగిలితే లోపల ఏదో ఉంది. నా సలహా ఏమిటంటే, తేడా ఉన్నా లేకున్నా ఫోర్కులు ఒకసారి విప్పించండి. ఎవరెవరు చేతులు పెట్టారో తెలియని ఫోర్కులో నూనె ఎంత ఉందో, ఏ గ్రేడు పోశారో చెప్పలేం. రెండు కాళ్లలోనూ నూనె మట్టం సమానంగా లేకపోతే అవి వేర్వేరుగా పనిచేస్తాయి. కొత్త ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు, సర్వీసు మాన్యువల్‌లో చెప్పిన నూనె చెప్పినంత కొలత పోయించండి. స్ప్రింగులు కోసి ఉంటే కొత్తవి వేయాల్సిందే, స్పేసరుతో సర్దుబాటు వద్దు. పై మూత తీసేటప్పుడు లోపలి స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుందని మరవకండి. ముఖం దానికి ఎదురుగా పెట్టవద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. ముందు భాగం విప్పి ఉన్నప్పుడే కోన్‌సెట్ కూడా చూపించండి. మళ్లీ అదే పనికి విప్పడం వృథా.

భాగాలన్నీ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టవద్దు. షాకులు వచ్చాయి కదా అని ముందు అవి వేసి, ఫోర్కు సీళ్లు వచ్చే వారం వస్తాయిలే అని మధ్యలో నడిపేవాళ్లను చూశాను. పైన చెప్పిన ప్రమాదకరమైన వాలు సరిగ్గా ఆ వారమే మీ చేతిలో ఉంటుంది. ముఖ్యంగా కొత్త సైడ్ స్టాండు తెచ్చిపెట్టుకోండి. కోసిన స్టాండు మీద పూర్తి ఎత్తు బండిని నిలిపితే అది విపరీతంగా ఎడమకు ఒరుగుతుంది. 202 కిలోల బండి అది, కాస్త వాలు నేల ఉంటే చాలు, పడిపోతుంది. పాత ముక్కను అతికించి పొడవు చేయించడం వద్దు. అతుకు విరిగేది ఎప్పుడూ బండి పక్కన పిల్లలు నిలబడి ఉన్నప్పుడే అన్నట్టుంటుంది. స్టాండు దగ్గర స్విచ్ ఉండి, ఎత్తు తగ్గించినప్పుడు దాని తీగలు కలిపేసి ఉంటే వాటినీ మామూలు స్థితికి తెప్పించండి. సెంటర్ స్టాండు కూడా తిరిగి పెట్టించండి, చైన్ పని చూసుకోవడానికి దానంత సాయం ఇంకేదీ చేయదు.

పని రోజున జాకీని ఇంజిన్ సంపు కింద పెట్టవద్దు, ఫ్రేము గొట్టాల కింద పెట్టండి, బండిని రెండు పక్కలా తాళ్లతో కట్టండి. పొట్టి వాటి నుంచి పొడవు వాటికి వెళ్తున్నారు కాబట్టి వెనుక షాకులు ఒకదాని తరువాత ఒకటి మార్చడం కుదరదు, చక్రం కిందికి పడిపోకుండా ఆసరా పెట్టి రెండింటినీ తీయాలి, వెనుక భాగాన్ని ఇంకాస్త లేపాల్సి వస్తుంది. రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను చివరి బిగింపు బండి చక్రాల మీద నిలిచాకే చేయండి. వేలాడే స్థితిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉంటుంది. ముందు ఫోర్కు గొట్టాలను మాన్యువల్‌లో చెప్పిన స్థానానికి దింపి, రెండు వైపులా వెర్నియర్ స్కేలుతో కొలవండి. అర మిల్లీమీటరు తేడాకు కూడా ఒప్పుకోకండి. రెండు కాళ్లూ సరిగా ఉన్నాయనడానికి మంచి పరీక్ష ఒకటుంది. ఇరుసు చేతితో తోస్తే చాలు, లోపలికి జారిపోవాలి. సుత్తి అవసరమైతే ఏదో వంకరగా ఉంది. ఇరుసు బిగించాక, దాని పక్కనున్న చిన్న పించ్ బోల్టులు వదులుగా ఉంచే ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి. కాళ్లు తమ స్థానంలో కుదురుకున్నాక వాటిని బిగించండి. క్లాంపు బోల్టులకు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) తప్పనిసరిగా వాడండి. బలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి ఫోర్కు పట్టేస్తుంది.

తరువాత తొందరపడి వీధిలోకి వెళ్లకండి. ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను అటు చివరి వరకు, ఇటు చివరి వరకు తిప్పండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సారు తీగ, క్లచ్ తీగ ఎక్కడా లాగినట్టు ఉండకూడదు. బాబర్ హ్యాండిల్ కోసం పొట్టి బ్రేకు గొట్టం వేసి ఉంటే, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు అది బిగుసుకుంటుంది. అలా ఉంటే అసలు పొడవుది వేయించాకే బండి కదపాలి. వెనుక ఎత్తు పెరగడంతో స్వింగ్ ఆర్మ్ వాలు పెరుగుతుంది, చైన్ మునుపటికన్నా వదులవుతుంది. అందువల్ల చైన్ బిగుతును మళ్లీ చూసుకోండి. స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడే చైన్ అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. ఆ స్థితిలోనూ కాస్త వదులు మిగిలేలా పెట్టాలి. హెడ్‌లైటు కూడా సర్దాలి. ఇంతకుముందు వాలుకు సరిపడేలా దించి పెట్టి ఉంటే ఇప్పుడు వెలుగు మీ చక్రం ముందే పడుతుంది.

ఇక కుంగుదల. మీరు మామూలుగా వేసుకునే బట్టలు, హెల్మెట్‌తో కూర్చున్నప్పుడు ముందు 30 నుంచి 35, వెనుక 25 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కుంగితే సరైనట్టు. మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు అది. వెనుక ఎక్కువ కుంగితే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మేర) ఒక మెట్టు పెంచండి. ఇద్దరు వెళ్లే రోజున ఇంకొంచెం పెంచుకోండి.

చట్టం సంగతి కూడా అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. అదే ఏడాది సవరణలో చేరిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మార్చింది పాత యజమానే అయినా ఇప్పుడు ఆర్సీలో పేరు మీది. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు కూడా మొదట చూసేది ఇలాంటివే. తిరిగి కంపెనీ స్థితికి తేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొన్న భాగాల బిల్లులు మాత్రం దాచుకోండి.

చివరగా ఒక అనుమానం. మీ ప్రశ్నలో ఎక్కడో, ఎత్తు పెంచితే కాళ్లు అందుతాయో లేదో అని సగంలో ఆపేశారు. దానికి భయపడి ఈ పని వాయిదా వేయకండి. పాత యజమాని కోయించిన సీటు అలాగే ఉంచుకోండి. అది తగ్గించేది మీ ఎత్తును మాత్రమే, బండి నడతను ముట్టుకోదు. కాలు అందకపోవడానికి కారణం చాలాసార్లు ఎత్తు కన్నా సీటు ముందు భాగపు వెడల్పే. తొడల దగ్గర ఫోము సన్నగా చెక్కిస్తే పాదం ఒక అంగుళం కిందికి దిగుతుంది. కాస్త మందపు అడుగున్న బూట్లు మిగతాది చూసుకుంటాయి.

పని పూర్తయ్యాక మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద, ఇద్దరు ఎక్కకుండా, 60 దాటకుండా తిప్పండి. నాలుగైదు సార్లు క్రమంగా గట్టిగా బ్రేకు పట్టి, ఫోర్కు కాళ్ల మీద నూనె గీత, మడ్‌గార్డు మీద కొత్త గుర్తు ఉన్నాయేమో దిగి చూడండి. 300 కిలోమీటర్లు తిరిగాక క్లాంపు, షాకు, స్టాండు బోల్టులన్నిటినీ టార్క్ రెంచితో మరోసారి తడమండి. మీరు తీసుకున్న నాలుగు కొలతలు ఇక్కడ రాస్తే, లోపల స్పేసరు ఉందో లేదో చూసి చెప్తాను.